‘కళ్ళు మూసుకుని హైబ్రిడ్ తీసుకోండి’ అన్న మెసేజ్‌కి నా జవాబు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. “ఒరేయ్, రేపు అడ్వాన్సు కట్టేస్తున్నాను. మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్. నీకో మెసేజ్ పంపాను, చదువు. హ్యుందాయ్ క్రెటా అక్కర్లేదని అందులో వివరంగా రాశారు” అన్నాడు. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న బండి. ఆ మెసేజ్ నాకు కొత్తది కాదు. అప్పటికే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, ఆఫీసు గ్రూపులో ఒకసారి వచ్చింది. చదివినవాళ్ళు బొటనవేలు బొమ్మ పెట్టి ముందుకు తోసేస్తున్నారు. పదిహేను, ఇరవై లక్షల వ్యవహారం అది. మధ్యతరగతి ఇంట్లో సొంతిల్లు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళ తర్వాత అంత పెద్ద ఖర్చు మరొకటి ఉండదు. అందుకే కూర్చుని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది: “ఫ్యామిలీ కారుకి క్రెటా, గ్రాండ్ విటారా మధ్య ఆలోచించే పనే లేదు, కళ్ళు మూసుకుని హైబ్రిడ్ తీసుకోండి. లీటరుకి 28 ఇస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగినా రెండేళ్ళలో ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. డీజిల్ బండ్లను పదేళ్ళకు తుక్కు చేస్తారు. రెండు బండ్ల పొడవూ ఒకటే, కాబట్టి చోటూ ఒకటే. నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది, బెజవాడ వరదల్లో కూడా పోతుంది. రెండింటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు, కాబట్టి సేఫ్టీ సమానం. జీఎస్టీ 18కి తగ్గింది, ఇప్పుడే కొనండి. సర్వీసు ప్రతి ఊళ్ళో ఉంది.”

ముందుగా ఆ 28 సంగతి. అంకె అబద్ధం కాదు. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి, అంటే మోటారు ఒక్కటే కూడా బండిని లాగగల రకానికి, ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) సర్టిఫికెట్‌లో ఉన్నది 27.97. అయితే ఆ పరీక్ష రోడ్డు మీద చేసేది కాదు. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపేసి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం దాదాపు ఇరవై నిమిషాలు నడుపుతారు. అందులో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఏ కంపెనీ బండినైనా ఇలాగే కొలుస్తారు కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మే నెలలో ఏసీ నాలుగు మీద పెట్టుకుని బెంజి సర్కిల్ దాటే మనకు నెలకు పెట్రోలు ఎంతవుతుందో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

హైబ్రిడ్ మైలేజి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు మామూలు బండిలో ఆ శక్తి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్‌లో మోటారు ఆ శక్తిని పట్టుకుని బ్యాటరీలో వేస్తుంది. మళ్ళీ కదిలేటప్పుడు ఇంజిన్ లేవకుండా అదే మోటారు బండిని లాగుతుంది. అంటే ఎన్నిసార్లు ఆగి కదిలితే అంత లాభం. గవర్నర్‌పేట సందుల్లో, ఏలూరు రోడ్డు సిగ్నళ్ళ దగ్గర, వన్‌టౌన్ రద్దీలో అది బంగారం లాంటి బండి. మా బావ మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. రోజంతా బెజవాడలో ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరుగుతాడు. ఆయన హైబ్రిడ్‌కి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ లెక్కన టౌన్‌లో 21 వస్తోంది. ఎండాకాలంలో కాస్త తగ్గుతుంది, ఎందుకంటే ఆ బ్యాటరీ చాలా చిన్నది, 0.76 యూనిట్ల కరెంటు పట్టేంత మాత్రమే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఏసీని కూడా అదే నడపాలి. సిగ్నల్లో కాసేపు నిలబడితే చాలు, చార్జింగ్ కోసం ఇంజిన్ మళ్ళీ లేస్తుంది.

అదే బండి హైదరాబాదు హైవే ఎక్కితే పరిస్థితి వేరు. నందిగామ దాటాక 95 మీద పట్టుకుని పోతుంటే బ్రేకు వేసే పనే తక్కువ. పట్టుకోవడానికి శక్తి ఎక్కడిది? పెట్రోలు ఇంజినే లాగాలి. హైవే మీద బావకు వస్తున్నది 20.

ఇప్పుడు ఆ రెండేళ్ళ లెక్క చూద్దాం. బాబాయికి వచ్చిన కొటేషన్లలో దాదాపు అవే సౌకర్యాలున్న మామూలు పెట్రోలు బండికీ హైబ్రిడ్‌కీ తేడా 3 లక్షలు. పెట్రోలు లీటరు 110 అనుకుందాం. నా పాత పెట్రోలు బండి టౌన్‌లో 12, హైవే మీద 17 ఇస్తుంది. టౌన్‌లో కిలోమీటరుకి నాకు 9 రూపాయల 17 పైసలు, బావకు 5 రూపాయల 24 పైసలు. మిగిలేది 3 రూపాయల 93 పైసలు. నెలకు వెయ్యి చొప్పున రెండేళ్ళు, 24 వేల కిలోమీటర్లు మొత్తం టౌన్‌లోనే తిరిగినా మిగిలేది 94 వేలు. మూడు లక్షలు రావాలంటే 76 వేల కిలోమీటర్లు తిరగాలి. అదే హైవే మీదైతే కిలోమీటరుకి మిగిలేది రూపాయి కూడా లేదు, 97 పైసలు. 24 వేల కిలోమీటర్లకు 23 వేల చిల్లర. ఆ లెక్కన మూడు లక్షలు తిరిగి రావడానికి మూడు లక్షల కిలోమీటర్లు పడుతుంది. పైగా బండి ధర పెరిగితే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కూడా పెరుగుతాయి, కాబట్టి అసలు తేడా మూడు లక్షల కంటే ఎక్కువే.

బావ నెలకు రెండు వేలకు పైగా టౌన్‌లోనే తిరుగుతాడు. ఆయనకు మూడేళ్ళు దాటగానే డబ్బు వచ్చేస్తుంది, ఆ తర్వాత అంతా మిగులే. ఆయన కొన్నది సరైన బండి. నేను పటమటలో ఉంటూ నెలకు ఆరేడు వందలు తిరుగుతాను. నాకైతే దాదాపు పదేళ్ళు పడుతుంది. మా ఇద్దరికీ ఒకే మెసేజ్ ఒకే సలహా ఇస్తోంది. నా కోపమంతా అక్కడే.

మరి బాబాయి సంగతి? మిర్చి యార్డులో వ్యాపారం. సీజన్లో వారానికి రెండుసార్లు ఖమ్మం, వరంగల్, హైదరాబాదు. గుంటూరు ఊళ్ళో తిరగడానికి స్కూటరే. అంటే నెలకు రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు, దాదాపు అంతా హైవే. క్రెటా డీజిల్ ఉన్న ఆయన స్నేహితుణ్ణి అడిగితే హైవే మీద 20 వస్తోందన్నారు. హైబ్రిడ్‌కీ అంతే వస్తోంది, కానీ డీజిల్ లీటరు 98 అనుకుంటే కిలోమీటరుకి 4 రూపాయల 90 పైసలు, హైబ్రిడ్‌కి 5 రూపాయల 50 పైసలు. బాబాయి పరుగుకి ఖర్చులో కూడా డీజిలే తక్కువ. పైగా ఆ డీజిల్ ఇంజిన్ టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లు. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు లారీని దాటాలంటే ఆ బలం కాలికి తెలుస్తుంది.

“పదేళ్ళకు తుక్కు” అన్న మాటకు బాబాయి బాగా భయపడ్డాడు. అది ఢిల్లీ సంగతి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశం ఇచ్చింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి. 2018లో సుప్రీంకోర్టు దాన్నే బలపరిచింది. మన ఆంధ్రాలో సొంత కారుకి, అది పెట్రోలైనా డీజిలైనా, ఆర్‌సీ మొదట 15 ఏళ్ళు ఉంటుంది. ఆ తర్వాత బండి ఫిట్‌గా ఉంటే ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఈ పుకారు ఇంతగా నమ్మడానికి మరో కారణం ఉందనుకుంటాను. మారుతి 2020 ఏప్రిల్‌లో, బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చినప్పుడు, డీజిల్ కార్లు పూర్తిగా మానేసింది. దాంతో “డీజిల్ అయిపోయింది” అన్న మాట జనంలో పడిపోయింది. అది ఒక కంపెనీ తన ఖర్చులు చూసుకుని తీసుకున్న నిర్ణయం, సర్కారు నిషేధం కాదు.

డీజిల్‌తో నిజంగా భయపడాల్సిన విషయం వేరే ఉంది, దాన్ని మెసేజ్ రాసినవాళ్ళు ముట్టుకోలేదు. బీఎస్6 డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టుకున్న మసిని అది తనే కాల్చేసుకోవాలి. అందుకు ఇంజిన్ బాగా వేడెక్కి, కాసేపు ఒకే వేగంతో పోవాలి. స్కూలుకి రెండు కిలోమీటర్లు, రైతు బజారుకి కిలోమీటరు, మళ్ళీ ఇంటికి, ఇలా తిప్పితే ఫిల్టర్ మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అందుకే టౌన్ దాటని ఇంటికి డీజిల్ నేనే వద్దంటాను. అలాగే హైబ్రిడ్ అంటే పడనివాళ్ళు “బ్యాటరీ ఐదేళ్ళకు పోతుంది, లక్షలు పెట్టాలి” అని బెదిరిస్తున్నారు. ఆ బ్యాటరీకి కంపెనీ ఇస్తున్న వారంటీ 8 ఏళ్ళు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు. ఆ బెదిరింపునూ నమ్మకండి.

“పొడవు ఒకటే, చోటు ఒకటే” అన్న మాట దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని కళ్ళారా చూశాను. పొడవు నిజంగానే దాదాపు ఒకటే. క్రెటా 4,330 మిల్లీమీటర్లు, గ్రాండ్ విటారా 4,345. డిక్కీ మాత్రం క్రెటాలో 433 లీటర్లు, మామూలు గ్రాండ్ విటారాలో 373. హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ అడుగున కూర్చుంటుంది కాబట్టి 265 లీటర్లకు పడిపోతుంది.

అంకెలు చెబితే బాబాయి తల ఊపాడు కానీ మనసుకి పట్టలేదు. అందుకని ఆ బుధవారం బాబాయిని, పిన్నిని, నాన్నమ్మను తీసుకుని రెండు షోరూములకూ వెళ్ళాం. నాన్నమ్మకు 81 ఏళ్ళు. తుంటి ఆపరేషన్ అయ్యాక ఎక్కడికి వెళ్ళినా మడత చక్రాల కుర్చీ వెంట ఉండాల్సిందే. ఆ కుర్చీని, పిన్ని పెద్ద సూట్‌కేసుని, రెండు బట్టల సంచుల్ని పాత కారులో వేసుకుని వెళ్ళాం. షోరూం కుర్రాడు ముందు తెల్లబోయాడు కానీ తర్వాత తనే చేయి వేశాడు. హైబ్రిడ్ డిక్కీలో నేల బాగా ఎత్తుగా ఉంది. కుర్చీని పడుకోబెడితే పైన పల్చటి సంచి ఒకటే పట్టింది. నిలబెడితే వెనకున్న పలక తీసేయాల్సి వచ్చింది. సూట్‌కేసు బయటే మిగిలింది. “సీటు ఒకవైపు మడిస్తే పట్టేస్తుందండీ” అన్నాడు కుర్రాడు. మడిస్తే ఒక మనిషి తగ్గుతారు. మా ఇంట్లో ఐదుగురం, తిరుపతి వెళ్ళినా పెళ్ళికి వెళ్ళినా ఐదుగురమూ వెళ్తాం. క్రెటాలో కుర్చీ అడ్డంగా పడుకుంది, పక్కన సూట్‌కేసు, పైన సంచులు రెండూ. తలుపు ఒక్క తోపుకి పడింది.

ఇంకో సంగతి షోరూముకి వెళ్ళకపోతే మాకు తెలిసేది కాదు. గ్రాండ్ విటారా పైకప్పు వెనక్కి వచ్చేసరికి వాలుగా ఉంటుంది, పెద్ద సన్‌రూఫ్ ఉన్న మోడల్లో లోపలి ఎత్తు ఇంకాస్త తగ్గుతుంది. నాన్నమ్మ మెడ వంచి ఎక్కాల్సి వచ్చింది. తుంటి వంగని మనిషి మెడ కూడా వంచాలంటే ఎంత కష్టమో పక్కన నిలబడి పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది. క్రెటాలో ఆవిడ మొదట సీటు అంచున కూర్చుని, తర్వాత కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకుంది. “ఇది బావుందిరా, మంచం మీద కూర్చున్నట్టుంది” అంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేకపోతే ఈ తేడా మీకు అసలు లెక్కలోకే రాదు. మా ఇంట్లో ఉన్నారు.

వరదల మాట చాలా ప్రమాదకరమైనది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎలా మునిగిందో మనమంతా చూశాం. పీకల్లోతు నీళ్ళలో రోజుల తరబడి కార్లు నిలబడిపోయాయి. ఆ నీళ్ళకి గ్రాండ్ విటారా 210 మిల్లీమీటర్లెంత, క్రెటా 190 ఎంత? ఆ 20 మిల్లీమీటర్ల తేడా స్పీడ్ బ్రేకర్ మీద, పల్లెటూరి మట్టిరోడ్డు మీద పనికొస్తుంది, కాదనను. నీళ్ళలో బండి ప్రాణం మాత్రం గాలి పీల్చుకునే గొట్టం ఎంత ఎత్తులో ఉందన్న దాని మీద ఉంటుంది. ఆ గొట్టంలోకి నీళ్ళు పోతే సిలిండర్లోకి వెళ్తాయి. నీళ్ళు గాలిలా అణగవు కాబట్టి పిస్టన్‌ని పైకి తోసే కడ్డీ వంగిపోతుంది. మెకానిక్కులు హైడ్రోలాక్ అంటారు. ఇంజిన్ విప్పాల్సిందే.

ఆ వరదల తర్వాత ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన కార్లు చూశాను. వాటిలో ఒకటి మా ఆఫీసులో పనిచేసే ఆయనది. నీళ్ళు తీశాక “ఒకసారి చూద్దాం” అని తాళం తిప్పాడు, అంతే. మామూలు సమగ్ర బీమాలో వరద నష్టం ఉంటుంది కానీ, నీళ్ళు వెళ్ళాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే అది అందులోకి రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ఆన్ విడిగా తీసుకోవాలి. ఆయన తీసుకోలేదు. బెజవాడలో కారు కొనే ప్రతివాళ్ళకూ నేను చెప్పేది ఇదే: ఏ కంపెనీ బండి కొన్నా ఆ యాడ్ఆన్ వదలకండి, మునిగిన బండిని స్టార్ట్ చేయకండి, ట్రక్కు మీద ఎక్కించి పంపండి. హైబ్రిడ్ అయితే ఇంకా జాగ్రత్త, అందులో హై వోల్టేజి తీగలు ఉంటాయి.

సేఫ్టీ సంగతి. ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు రెండింటిలోనూ అన్ని మోడళ్ళలో ఉన్నాయి, అది మంచి మార్పు. కానీ గుద్దుకున్నప్పుడు మనుషులు కూర్చున్న గది నలగకుండా నిలబడితేనే ఎయిర్‌బ్యాగు తన పని చేయగలదు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే సంస్థ) అప్పటి క్రెటాను పరీక్షించి 5కి 3 స్టార్లు ఇచ్చింది, బాడీ నిర్మాణం స్థిరంగా లేదని కూడా రాసింది. అది రెండు ఎయిర్‌బ్యాగుల పాత మోడల్. 2024లో కొత్త రూపంలో తెచ్చినప్పుడు బాడీని బలపరిచామని కంపెనీ చెప్పింది. కాబట్టి క్రెటావైపు మాట్లాడేవాళ్ళు “తలుపు వేస్తే ధబ్ మంటుంది, గట్టి బండి” అని చెబితే దాన్నీ నేను ఒప్పుకోను. తలుపు చప్పుడు రబ్బరు బీడింగు వల్ల కూడా వస్తుంది. అటు “మారుతి అంటే రేకు డబ్బా” అనే మాట కూడా పాతబడింది. 2024 నవంబరులో అదే కంపెనీ కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు వచ్చాయి. కంపెనీ పేరు చూసి సేఫ్టీ చెప్పలేం, మోడల్ చూడాలి, ఆ మోడల్ ఏ సంవత్సరం తయారీదో కూడా చూడాలి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో అలాంటిదే భారత్ ఎన్‌క్యాప్ ఉంది, కొనే ముందు ఆ జాబితా చూసుకోండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోండి. మనలో చాలామంది వెనక బెల్టుల్ని సీటు కిందకి తోసేసి కవర్లు వేయించుకుంటున్నారు. పసిపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లికి ఏ స్టార్లూ సాయం చేయలేవు.

జీఎస్టీ గురించి రెండే మాటలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది చిన్న కార్లకు. అంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ లోపు ఉండాలి. ఈ రెండు బండ్లూ 4 మీటర్లు దాటాయి, రెండింటికీ 40 శాతమే. సెస్సు పోయింది కాబట్టి అంతకు ముందుకంటే ధర తగ్గిన మాట నిజం. ‘ఇప్పుడే కొనండి’ అన్న తొందర మాత్రం అక్కర్లేదు.

మెసేజ్‌లో చివరి మాట, సర్వీసు ప్రతి ఊళ్ళో ఉందన్నది, నిజం. మారుతి వర్క్‌షాపులు ఉన్నన్ని ఊళ్ళలో మరొకరివి లేవు. నరసరావుపేట అవతల, మార్కాపురం వైపు ఎక్కువ తిరిగేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. తిరిగి అమ్మేటప్పుడు కూడా ఆ పేరు ఉపయోగపడుతుంది.

బాబాయి అడ్వాన్సు ఆపాడు. ఇంటికొచ్చి మిర్చి ఖాతా పుస్తకం వెనక పేజీలో నెల రోజులపాటు ఎక్కడికి వెళ్ళాడో, ఎన్ని కిలోమీటర్లో రాసుకున్నాడు. లెక్క తేలేసరికి 2,340 వచ్చింది. అందులో గుంటూరు ఊళ్ళో కారు తిరిగింది 190. మొన్న గురువారం క్రెటా డీజిల్ మాన్యువల్‌కి అడ్వాన్సు కట్టాడు, ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా రాయించుకున్నాడు. అదే పద్ధతిలో నేనూ రాసుకున్నాను. నాకు నెలకు 640, అంతా బెజవాడలోనే. డీజిల్ వద్దు, హైబ్రిడ్‌కి పెట్టే మూడు లక్షలు నాకు వెనక్కి రావు. మామూలు పెట్రోలు బండి చూస్తున్నాను. ఏ కంపెనీది అన్నది మా అమ్మ రెండింటిలోనూ ఎక్కి దిగాక తేలుతుంది.